సోలెడు కన్నీళ్ళు

ఒకటి బాగుందంటే అది ఎంత బాగుందో తూచి చెప్పాలన్న పట్టుదల మీద ఒక ప్రభుత్వం పద్నాలుగు నెలలు నిద్రాహారాలు మానేసిందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. నమ్మకపోతే నష్టమేమీ లేదు. జరిగింది మాత్రం జరిగింది.

పేచీ జానపద కళల పోటీల్లో మొదలైంది. ఆ ఏడు కోలాటం జట్టుకి మొదటి బహుమతి, చెక్కభజన జట్టుకి రెండోది వచ్చాయి. చెక్కభజన నాయకుడికి ఒక ప్లీడరు బావమరిది ఉన్నాడు. ప్లీడరు బావమరిది ఉన్నవాడు రెండో బహుమతితో తృప్తిపడడం ఎక్కడైనా ఉందా? దావా పడింది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ బోనెక్కారు. కోలాటం ఎందుకు బాగుందయ్యా అంటే, చూడముచ్చటగా ఉందన్నాడు మొదటాయన. ముచ్చట ఎన్ని అంగుళాలుందని ప్లీడరు అడిగాడు. ఒళ్ళు పులకరించిందన్నాడు రెండో ఆయన. వెంట్రుకలు ఎన్ని లేచాయి, ఎన్ని పడుకునే ఉన్నాయి, లెక్క ఎవరు పెట్టారు అని అడిగాడు ప్లీడరు. మూడో ఆయన పెద్దవాడు. మోకాళ్ళ నొప్పులతో గంట నుంచి నిలబడి ఉన్నాడు. "నాకు నచ్చిందయ్యా, ఏం చేస్తావు?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ప్రభుత్వం కేసు ఓడిపోయింది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఇకమీదట ఏ కళారూపమైననూ, ఏ క్రీడయైననూ బాగున్నదని గానీ బాగోలేదని గానీ ఏ ఉద్యోగియూ తన సొంత ఇష్టము ననుసరించి పలుకరాదు. కొలువబడిన పిమ్మటనే బాగుండుట అనునది బాగుండుటగా పరిగణింపబడును." ఆ కొలిచే పనికి కళాక్రీడా నాణ్యతా నిర్ధారణ మండలి అని ఒకటి పెట్టారు. దానికి గజాననరావు గారిని డైరెక్టరుగా వేశారు. ఆయన అంతకు ముందు చెరకు శాఖలో రసంలో తీపి కొలిచేవారు. తీపిని అంకెల్లో చెప్పగలిగినవాడికి కళ ఒక లెక్కా అని పైవాళ్ళు అనుకున్నారు. ఆయన కూడా అలాగే అనుకున్నారు.

కింద పనిచేసేందుకు తూనికలు కొలతల శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ని డెప్యుటేషన్ మీద తెచ్చుకున్నారు. ఆయన పేరు భద్రాచారి.

భద్రాచారిది కంసాలి పుట్టుక, తూనిక రక్తంలోనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో చేపల బజారు, బెల్లం మార్కెట్టు, కిరోసిన్ డిపో, ఏదీ ఆయన చూడని చోటు లేదు. తప్పుడు రాయికి ముద్ర వేసిన పాపం ఎరగడు. అలాగని మనిషి కఠినుడేమీ కాదు, అంచనా అనేది తెలియనివాడు, అంతే. భార్య పులుసు పెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "ఏడెనిమిది గ్రాములు పడుంటుంది" అనేవాడు. బాగుందో లేదో చెప్పండీ అంటే, అది నా పరిధిలోకి రాదే అనేవాడు. ఆవిడ అడగడం మానేసి పదిహేనేళ్ళయింది. డెప్యుటేషన్ ఉత్తర్వు చేతికొచ్చిన రోజున భద్రాచారి దాన్ని కళ్ళకద్దుకున్నాడు. లోకంలో ఇన్నాళ్ళుగా తూకం లేకుండా చేతులు మారుతున్న సరుకు ఇదొక్కటే మిగిలింది, ఇప్పటికైనా న్యాయం జరగబోతోందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

కొలత దేనితో అన్నది తేల్చడానికి మండలి మూడు రోజులు కూర్చుంది. నవ్వుని కొలుద్దామని ఒకరన్నారు. నవ్వులో దగ్గు కలిసిపోతుందని ఇంకొకరు కొట్టేశారు. చప్పట్లు అరువు తెచ్చుకోవచ్చని అవీ పోయాయి. పులకరింతల్ని లెక్కపెట్టాలంటే ప్రేక్షకులందరి చేతుల మీదా ఒకే పొడుగు వెంట్రుకలుండాలి, దానికి ముందుగా క్షురక శాఖ ఒకటి పెట్టాలి. చివరికి గజాననరావు గారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు.

"కన్నీరు ద్రవపదార్థము. ద్రవపదార్థమునకు పరిమాణము ఉండును. పరిమాణము ఉన్నచోట వివాదము ఉండదు."

కన్నీరే కొలత అయింది. గాజుగొట్టాలు తయారు చేయించారు. పైన చిన్న దొన్నె, కింద గీతలున్న సన్నటి గొట్టం. కంటికొకటి చొప్పున రెండు గొట్టాలు, తలచుట్టూ రబ్బరు పట్టీ. కట్టుకున్నవాడు కళ్ళజోడు తిరగేసి పెట్టుకున్నట్టుండేవాడు. నూరుమంది ప్రేక్షకుల నుంచి రెండువందల మిల్లీలీటర్లు, అంటే పాత లెక్కలో సుమారు సోలెడు కన్నీళ్ళు రాలితే ఆ కళ నాణ్యమైనది. కళాకారుడి వాయిద్యం మీద ముద్ర పడుతుంది. రాలకపోతే వాయిద్యానికి సీసం బిళ్ళతో సీలు పడుతుంది, ఇక దాన్ని వాయించకూడదు.

ఏడిపించే ఆటలు ఎక్కడా దొరకలేదు గనక ఆటలకి వేరే కొలత పెట్టారు, లేచిన దుమ్ము. చెడుగుడు బరి చుట్టూ తడిబట్టలు కట్టి, ఆట అయ్యాక వాటిని ఆరబెట్టి, దులిపి తూచేవారు. ఒక జట్టువాళ్ళు నిక్కరు జేబుల్లో పొయ్యి బూడిద పోసుకుని కూతకి వెళ్ళి జిల్లాలో మొదటి స్థానం కొట్టారు. వాన పడిన రోజున ఎంత గొప్పగా ఆడినా ఆట నాసిరకమే. ఒక ఊళ్ళో ఇద్దరు ముసలాళ్ళు రచ్చబండ మీద పులిజూదం ఆడుతుంటే భద్రాచారి తడిబట్టలతో వెళ్ళాడు. నాలుగు గంటలు ఆడారు. చుట్టూ ముప్ఫైమంది ఊపిరి బిగబట్టి చూశారు, ఒకడు బీడీ కాలి వేలు చురుక్కుమన్నా కదల్లేదు. దుమ్ము మాత్రం అర చిటికెడైనా లేవలేదు. గజాననరావు గారు ఆ నివేదిక చదివి, "ఇది ఆట కాదు, విశ్రాంతి" అని రాసి, ఫైలుని వైద్య ఆరోగ్య శాఖకి పంపించేశారు.

కళలవాళ్ళు మాత్రం తొందరగానే దారిలో పడ్డారు. ఒక నాటకాల కంపెనీవాళ్ళు తెర వెనక ఆరుగురు ఆడవాళ్ళని ఉల్లిపాయలతో కూర్చోబెట్టి, రాజుగారికి విసిరే వింజామరల గాలి జనం వైపు తిప్పారు. రాజు ఇంకా నోరు విప్పకుండానే లీటరున్నర వచ్చింది. ఆ చుట్టుపక్కల ఉల్లిపాయలు దొరక్క జనం చప్పటి కూరలు తిన్నారు. అది చూసి ఒక భజన బృందంవాడు, వీడు అసలు సిసలైన మేధావి, కళ్ళకలక తగిలిన ఊరు ఎక్కడుందో వాకబు చేసి అక్కడ కార్యక్రమం పెట్టించుకున్నాడు. నూరుమందికీ ఎర్రటి కళ్ళు. భజన మొదలుపెట్టడానికి ముందే గొట్టాలు పొంగిపొర్లాయి. వాడికి ఉత్తమ కరుణరస పురస్కారం వచ్చింది. గొట్టాలు కడిగిన అటెండరుకి కళ్ళకలక వచ్చింది.

ఆ రోజు మాత్రం భద్రాచారి మనసు కొంచెం కలుక్కుమంది. నీళ్ళు కలిపిన పాలని లీటరు ఉన్నాయి కదా అని వదిలిపెట్టిన మనిషి కాడు. డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి, ఈ కన్నీళ్ళు కథ వల్ల వచ్చినవి కావు గదండీ అని మనవి చేశాడు.

గజాననరావు గారు జాలిగా నవ్వారు. "చూడవయ్యా, కన్నీరు ఎందుకు వచ్చినదన్నది ఆత్మాశ్రయము. ఎంత వచ్చినదన్నదే వస్తునిష్ఠము. ఎందుకు అన్న ప్రశ్న వేసుకునే కదా మనము కోర్టులో ఓడిపోయినది."

వాదనలో పొల్లు కనపడలేదు. భద్రాచారి తిరిగొచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంటికెళ్ళాక పులుసు మాత్రం రుచించలేదు. ఎందుకు రుచించలేదో ఆయన పరిధిలోకి రాదు.

ఇలా ఉండగా ఒకనాడు ఆఫీసుకి బుర్రకథ దళం ఒకటి వచ్చింది. కథకురాలు నూకరత్నం, అరవయ్యేళ్ళుంటాయి, చామనఛాయ, భుజాన తంబురా. పక్కన వంతలిద్దరు. హాస్యం చెప్పేవాడు ఆవిడ మరిది గవర్రాజు. రెండో వంత ఆవిడ చెల్లెలు లోవకుమారి, డక్కీ వాయిస్తుంది, అవసరమైతే తప్ప మాట్లాడదు. ఏటి ఒడ్డునున్న రేవులంక వాళ్ళది.

దరఖాస్తులో కళారూపము, వంశము, అనుభవము అన్నీ రాశాక 'ఆశించు కన్నీరు, మిల్లీలీటర్లలో' అన్న గడి దగ్గర నూకరత్నం కలం ఆగింది.

"రాయొదినా, ఓ కుంచెడు రాసేయ్," అన్నాడు గవర్రాజు. "ఆశకి అంతేముంది." తరవాత గజాననరావు గారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "నాదో చిన్న ధర్మసందేహం అండి. నా వాటా నవ్వులండి. జనం నవ్వీ నవ్వీ కళ్ళంట నీళ్ళెట్టుకుంటే అయ్యి ఎవరి పద్దులో పడతాయండి?"

"అట్టిది సంకర కన్నీరు," అన్నారు డైరెక్టరు గారు తల ఎత్తకుండానే. "తీసివేయబడును."

నూకరత్నం తన మాట చెప్పుకుంది. రేవులంకలో ఏటా పడవ పేరంటాలి తీర్థం జరుగుతుంది. ఆ పేరంటాలు పోలమ్మ, ఒకప్పుడు ఆ రేవులో పడవ నడిపిన మనిషి. తీర్థం రోజు పొద్దుగూకేలోగా ఆమె కథ చెప్పి తీరాలి. కథ చెప్పని ఏడు రేవులో పడవ దింపరు. లంక పొలాలకి పడవ తప్ప దారి లేదు. ఊళ్ళో అందరివీ అక్కడే పొలాలు. వాళ్ళ అమ్మ చెప్పింది, అంతకు ముందు అమ్మమ్మ చెప్పింది, నలభయ్యేళ్ళుగా తను చెబుతోంది. ఇప్పుడు పోలీసువాళ్ళు ముద్ర లేని తంబురా మోగకూడదన్నారట.

"ముద్దర ఏసిచ్చెయ్యండి బాబూ, ఎల్లిపోతాం," అంది.

ముద్ర వేసివ్వడానికి అది పోస్టాఫీసు కాదని గజాననరావు గారు వివరించారు. క్షేత్రస్థాయి పరీక్ష తీర్థం రోజునే, తీర్థం స్థలంలోనే, తమ సమక్షంలోనే జరుగుతుందన్నారు. బుర్రకథ రాత్రిపూట చెప్పేదండీ, తీర్థానికి మాత్రం ఎండ తగ్గాక మొదలెట్టి పొద్దుగూకేలోగా ముగిస్తాం అని గవర్రాజు గొణిగితే, పరీక్షలు ఆఫీసు వేళల్లో మాత్రమే జరుగునని, పదిన్నర నుంచి అయిదు వరకు, మధ్యలో భోజన విరామమని తేల్చేశారు.

తీర్థం రోజు పదిన్నరకి రేవులంకలో ఎండ పెటపెటలాడుతోంది. ఏటి ఒడ్డున పందిరి వేశారు. నీడంతా గజాననరావు గారి కుర్చీకే సరిపోయింది. చీట్లు తీసి నూరుమందిని ఎంచి, వరసలుగా కూర్చోబెట్టి, భద్రాచారి ఒక్కొక్కరికీ గొట్టాలు కట్టాడు. ఒక ముసలావిడ, "కంటాపరేసనా బాబూ?" అని అడిగింది. కాదమ్మా, కథ అన్నాడు. కథకి ఇదేం కట్టడివయ్యా అని ఆవిడ పక్కావిడతో అంది.

నూకరత్నం కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, తంబురా భుజానికెత్తి, బొటనవేలికి తాళం వేసే అందె తగిలించింది. తందాన అంటూ వంతలు అందుకున్నారు. మొదటి ముప్పావుగంట గవర్రాజుదే రాజ్యం. పడవ నడిపే మనిషితో ఊళ్ళోవాళ్ళు బేరాలాడటం, కోమటి తన శరీరం సగం పడవలో సగం నీళ్ళలో పెట్టి సగం కూలికే రానిమ్మనటం, ఆమె అతన్ని ఒడ్డునే వదిలేసి అతని గొడుగుని మాత్రం దాటించడం చెబుతుంటే జనం పొట్టలు పట్టుకున్నారు. నలుగురైదుగురి గొట్టాల్లో తడి కనపడింది. భద్రాచారి నిబంధన ప్రకారం వాటిని ఒంపేసి, తుడిచి, మళ్ళీ కట్టాడు.

తరవాత ఏరు వచ్చింది. వరద వర్ణించడానికి నూకరత్నం గొంతు పెంచలేదు, తగ్గించింది. ఆవలి గట్టు మీద పొలం పనులకెళ్ళిన ఊరంతా ఉంది. పోలమ్మ పడవ వేసింది. ఒకసారి వెళ్ళి పసిపిల్లల్ని తెచ్చింది. రెండోసారి బాలింతని తెచ్చింది. తనతో పదేళ్ళుగా మాటల్లేని తోడికోడల్ని తెచ్చింది, పడవలో కూడా మాట్లాడుకోలేదు. కోమటిని తెచ్చింది, కూలి అడగలేదు. పదిహేను సార్లు వెళ్ళొచ్చింది. ఈవలి గట్టు మీద పెద్దలు తలకాయలు లెక్కపెట్టారు. ఊరంతా ఉంది. ఒక్కరూ తగ్గలేదు.

నూకరత్నం వేలి అందె ఆపింది. డక్కీ ఆగింది. తంబురా తీగ మీద అరచెయ్యి పెట్టింది.

"అందరూ వచ్చేశారు," అంది పాట లేకుండా, పక్కింటి మనిషితో చెప్పినట్టు. "అటుపక్క ఎవరూ లేరు. పోలమ్మ పడవ తిప్పింది. పదహారోసారి ఎల్లింది."

అంతే. ఇంకేమీ చెప్పలేదు. ఏటి వైపు తిరిగి నిలబడింది.

భద్రాచారి గొట్టాల వంక చూశాడు. సరిగ్గా అప్పుడు ఆడవాళ్ళు కొంగు ముడి విప్పడం మొదలుపెట్టారు. మగవాళ్ళు తువ్వాలు చెరగులు విప్పుకున్నారు. ముడిలోంచి బెల్లం ముక్క తీసి, అందరూ ఒక్కసారి చెప్పినట్టు నోట్లో వేసుకుని, పళ్ళు బిగించారు. నూరు దవడలు బిగుసుకున్నాయి. నూరు గొంతులు గుటకలు వేస్తున్నాయి. కంటాపరేసనా అని అడిగిన ముసలావిడ మెడ నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. రెప్ప ఒక్కటి వాలలేదు. చుక్క ఒక్కటి రాలలేదు.

చప్పుడంటే ఏటి చప్పుడే.

ఎంతసేపైందో, భద్రాచారి చేతిలోని పరీక్ష ఫారం మీద 'మొత్తము' అన్న గడిలో సిరా పాకింది. వాన అనుకుని పైకి చూశాడు. మబ్బు లేదు. ఇంకో చుక్క పడింది. అప్పుడు చెంప తడుముకుని, అదేమిటో అర్థం కాక, వేలి కొసని ఎండలో పెట్టి చూసుకున్నాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఆయన కళ్ళు ఇలాంటి పని చేసి ఎరగవు.

గజాననరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన అంతవరకూ వడదెబ్బకి మందు చీటీ చదువుకుంటున్నారు. "ఫలితము?"

భద్రాచారి వరసల వెంట నడిచి రెండువందల గొట్టాలూ చూసొచ్చాడు. "సున్నా అండి."

"అనుకున్నదే. తంబురాకి సీలు వెయ్యండి."

వరసల్లో జనం కదిలారు. బెల్లం ఎందుకు తిన్నారమ్మా అని భద్రాచారి ముందు వరసవాళ్ళని అడిగాడు. ఎవరూ నోరు తెరిచే స్థితిలో లేరు, బెల్లం ఇంకా కరగలేదు. లోవకుమారి చెప్పింది.

"పేరంటాలు పోలేదండి. పడవేసుకుని ఎల్లింది, ఒస్తది. ఏడిత్తే పోయినట్టు లెక్కండి. అందుకని మా ఊళ్ళో ఈ కథకి ఏడవకూడదండి. పాలు తాగే పిల్లల కాణ్ణించి అందరికీ ఆ చోటొచ్చేసరికి బెల్లం పెడతారండి. అయినా ఆగకపోతే నాలిక కొరుక్కుంటారు."

"అయ్యా, వాళ్ళు ఆపుకున్నారండి," అన్నాడు భద్రాచారి డైరెక్టరు గారితో.

"ఆపుకొనుట ఆత్మాశ్రయము. ఆపుకున్న కన్నీరుని ఏ గడిలో రాయమంటావు? ఆ కథకురాలు వచ్చే సంవత్సరము నుంచి ఉల్లిపాయలు వాడుకోవచ్చును, నాకు అభ్యంతరము లేదు. ప్రస్తుతానికి సీలు."

నూకరత్నం తంబురా భుజం నుంచి దించి, నేల మీద పెట్టబోయి, మళ్ళీ ఎత్తి, కొంగుతో జాగా తుడిచి పెట్టింది. ఒడ్డున తాళ్ళకి కట్టిన పడవలు నాలుగు ఉన్నాయి. వాటి యజమానులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

భద్రాచారి సంచీలోంచి సీసం బిళ్ళలు, తీగ, ముద్ర పట్టకారు తీశాడు. తంబురా దగ్గరకి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. తీగల కిందనుంచి సీలు తీగ దూర్చడానికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. తరవాత లేచాడు. లేచి ముందు వరస దగ్గరకెళ్ళి, ఆ ముసలావిడ తలకున్న పట్టీ ఊడదీశాడు. పక్కావిడది ఊడదీశాడు. రెండువందల గొట్టాలూ ఒక గోనెసంచీలో వేసి, మూతి కట్టి, తీగ చుట్టి, సీసం బిళ్ళ తగిలించి, పట్టకారుతో కటుక్కుమని నొక్కాడు.

"ఏమిటిది?" అన్నారు గజాననరావు గారు.

"జప్తండి."

"ఎవరిది?"

"మనదేనండి. ఈ గొట్టాలకి తూనికలు కొలతల ముద్ర లేదండి. ముద్ర లేని కొలతతో ప్రజల సరుకు కొలవడం నేరమండి."

నువ్వు డెప్యుటేషన్ మీద వచ్చినవాడివి, నీకు ఆ అధికారం లేదు అన్నారు డైరెక్టరు గారు. భద్రాచారి జేబులోంచి డెప్యుటేషన్ ఉత్తర్వు తీసి విప్పాడు. పాత అధికారాలు తీసేస్తున్నామన్న వాక్యం వెయ్యడం సచివాలయంలో ఎవరో మరిచిపోయారు. గజాననరావు గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఉత్తర్వులో లేనిది లేదు అని నమ్మి ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసిన మనిషి కాబట్టి ఆ మాట అక్కడితో వదిలేశారు. ముద్ర లేకపోయినంత మాత్రాన కొలత తప్పని ఎలా అంటావన్నారు.

"అయ్యా, ఇరవై ఎనిమిదేళ్ళు కాటాలు చూశానండి. బరువు పెట్టాక ముల్లు కదలకపోతే, బరువు లేదని ఎక్కడా రాయలేదండి. కాటా చెడిందని రాశాను."

"బరువు ఉన్నదని నీకెట్లు తెలిసినది? నీకు నచ్చినదా?" ప్లీడరు బావమరిది అడిగినట్టే అడిగారు. ఆ మాటకి అవునంటే ఉద్యోగం పోతుంది.

భద్రాచారి తడిసిన ఫారం చూపించాడు. "ఇక్కడ పడిందండి."

"పరీక్షకుడి కన్నీరు చెల్లదు."

"కథ కొలవడానికి చెల్లదండి. గొట్టాన్ని కొలవడానికి చెల్లుతుంది. తెలిసిన రాయి వేసి చూడకుండా ఏ కాటానీ పాస్ చెయ్యం గదండి. ఈ చోట బరువుందని ఒక రాయి చెప్పింది. నూరుమంది మీద పెట్టిన గొట్టం లేదని చెప్పింది. ఇద్దరిలో ఒకరు తప్పు. రాయికి సర్వీసులో ఇంతవరకూ రిమార్కు లేదండి."

పంచనామా అక్కడే రాశాడు. సాక్షులుగా గవర్రాజు, ఆ ముసలావిడ సంతకం చేశారు. ముసలావిడది వేలిముద్ర. కొలతే జప్తు అయిపోయాక పరీక్ష జరిగినట్టు కాదు, పరీక్ష జరగనప్పుడు సీలు వెయ్యడానికి లేదు. గజాననరావు గారు ఈ రెండు ముక్కలూ తమలో తాము మూడుసార్లు అనుకుని, అందులో పొల్లు దొరక్క, జీపెక్కారు.

ఆ ఫైలు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. గొట్టాల సీలు విప్పాలంటే అవి సరైనవని రుజువు చెయ్యాలి. రుజువు చెయ్యాలంటే ప్రామాణిక దుఃఖం ఒకటి కావాలి, ఎంత వేస్తే ఎంత రాలాలో ముందుగా తెలిసినది. అది సరఫరా చెయ్యవలసిందని మండలి ఢిల్లీకి రాసింది. అటువంటి దుఃఖము తమ వద్ద నిల్వ లేదని, రాష్ట్రములు స్థానికముగా సమకూర్చుకొనవచ్చునని ఢిల్లీ జవాబు రాసింది. స్థానికంగా టెండర్లు పిలిచారు. పదకొండుమంది వేశారు. అందరి దుఃఖమూ ఒకదాన్ని మించి ఒకటి ఉండటంతో ఎవరిది ప్రామాణికమో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఇంకా వింటోంది. ఆ విన్నవాళ్ళలో ఇద్దరు ఉద్యోగం మానేసి ఊళ్ళకి వెళ్ళిపోయారని చెప్పుకుంటారు. భద్రాచారిని మాత్రం వారం తిరక్కుండా మళ్ళీ చేపల బజారుకి వేసేశారు.

అదంతా తరవాతి మాట. ఆ పూట జీపు దుమ్ము ఇంకా అణగకముందే నూకరత్నం పందిరి కిందకి వచ్చి భద్రాచారి ఎదుట నిలబడింది. తంబురా భుజాన ఉంది. మొహంలో కృతజ్ఞత కన్నా ఇంకేదో ఎక్కువగా ఉంది.

"కాయితంలో మా గురించి ఏం రాశారండి?"

"మీ గురించి ఏమీ రాయలేదమ్మా. గొట్టాల గురించి రాశాను."

"గొట్టాల గురించి ఎవడిక్కావాలండి?" అంది నూకరత్నం. "నలభయ్యేళ్ళ నించి చెప్తన్నాను. ఈ ఊళ్ళో ఒక్కడు నోరు తెరిచి చెప్పడు, నోట్లో బెల్లం ఉంటది. మీరు బయటోరు, సదువుకున్నోరు, సర్కారోరు. ఎండలో నిలబడి ఇన్నారు. బాగుందో లేదో ఒక ముక్క చెప్పలేరాండి?"

భద్రాచారి నోరు తెరిచాడు. ఆ మాట ఆయన జీవితంలో ఎప్పుడూ వాడినది కాదు, ఎక్కడుందో తెలియదు. పులుసు గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడే భార్య మొహం ఎందుకో కళ్ళ ముందుకొచ్చింది. పందిరి గుంజ పట్టుకుని ఏటి వైపు చూశాడు. ఆవలి గట్టు ఖాళీగా ఉంది.

"అమ్మా," అన్నాడు, "అందరూ వచ్చేశారు గదా. పదహారోసారి ఎవరి కోసం వెళ్ళింది?"

నూకరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది. గవర్రాజు నవ్వబోయి, వదిన మొహం చూసి మానుకున్నాడు. ఆవిడ మొహం మీద నలభయ్యేళ్ళ బరువు దిగినట్టు ఏదో కదిలింది. భద్రాచారికి కూర్చోమని చాప చూపించి, బొటనవేలికి అందె తొడుక్కుంది.

"అది తెలిస్తే," అంది, "ఏటేటా ఎందుకు చెప్తానండి?"